అందరికీ పనికొచ్చే బండి

మంచు అంటే నాకు తెలిసింది మా ఇంటి ఫ్రిజ్‌లో పై అరలో పేరుకునే ఐసు ఒక్కటే. దాన్ని కూడా మా అమ్మ ఎప్పుడో ఓ ఆదివారం స్విచ్చి ఆపేసి, అట్లకాడతో పొడిచి పొడిచి బయటపడేసేది. అలాంటిదాన్ని, ఎక్కడో అమెరికా కొండల్లో నడుం లోతు మంచు మీద నడిపే బండ్ల గురించి ముక్కూ మొహం తెలియనివాళ్ళకి సలహాలు చెప్పి జీతం తీసుకున్నాను. సికిందరాబాద్‌లో అప్పుడు అలాంటి ఉద్యోగాలే ఉండేవి. మా పై వాటాలో ఉండే అబ్బాయి అక్కడి డాక్టర్లు గొణిగే మాటలు విని టైపు చేసేవాడు. ఎదురింటావిడ ఎవరివో పళ్ళ బీమా కాగితాలు చూసేది. మా మెట్టుగూడలో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల పోస్టర్లే. ఎవరికి ఏది రాసిపెట్టి ఉంటే అది దొరికేది, నాకు మంచు బండి దొరికింది.

మా ఆఫీసు బేగంపేట వెళ్ళే దారిలో ఒక బట్టల షాపు పైన, రెండో అంతస్తులో ఉండేది. కొండల మీద నడిపే మంచు బండ్లు అమ్మే ఒక కంపెనీకి వచ్చే మెయిల్స్‌కి మేము జవాబులు రాయాలి. ఫోన్లు లేవు కాబట్టి పని అంతా పగలే. వాళ్ళు సాయంత్రం ఇంటికొచ్చి, తినేదేదో తిని, తీరిగ్గా కూర్చుని అడిగిన ప్రశ్నలు పొద్దున్నకి మా ముందు ఉండేవి.

చేరిన కొత్తలో బండి గురించి మాకు పాఠం చెప్పారు. ముందు రెండు చెక్కల్లాంటివి ఉంటాయి, పడవ ముక్కులా పైకి వంగి. వెనక చక్రాలుండవు. పొడుగాటి రబ్బరు పట్టా ఒకటి కింద తిరుగుతూ ఉంటుంది, యుద్ధ ట్యాంకుకి ఉన్నట్టు. పట్టా ఎంత పొడుగుంటే బండి బరువు అంత మేర పరుచుకుంటుంది, మెత్తటి మంచులో తొందరగా దిగబడదు. పొట్టిదైతే చురుగ్గా తిరుగుతుంది, కానీ తన గొయ్యి తనే తవ్వుకుని అందులో కూర్చుంటుంది. నూట ముప్ఫై ఆరు అంగుళాల నుంచి నూట యాభై తొమ్మిది దాకా నాలుగు రకాలు ఉండేవి. వచ్చే ప్రశ్నల్లో సగం దీని గురించే: లోతు మంచుకి ఏ పొడుగు తీసుకోవాలి అని. దానికి కంపెనీవాళ్ళు ముందే రాసిచ్చిన జవాబు ఒకటి ఉండేది. లోతైన పొడి మంచుకి అన్నిటికన్నా పొడుగుదే మేలు. పైన పేరు మార్చి, కింద ఆ జవాబు అతికించి పంపెయ్యడమే. మొదటి రోజే నాకది భలే నచ్చింది. మా ఇంట్లో పుట్టిన మాటలా అనిపించింది.

ఎందుకంటే మా ఇంట్లో ఏ వస్తువైనా ఒక సైజు పెద్దదే కొంటారు. శ్రీకాకుళం వైపు నుంచి నాన్న ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చినప్పుడు నేను చేతిలో పిల్లని. అప్పటి నుంచీ నా గౌన్లు, నా స్కూలు యూనిఫారాలు, నా చెప్పులు, అన్నీ పెరగబోయే నా కోసం కొన్నవే. గౌను అంచు లోపలికి మడిచి అమ్మ చేత్తో కుట్టేది. వచ్చే ఏడు విప్పుకోవచ్చు అనేది. బూట్ల ముందు భాగంలో దూది కూరేది. తీరా చూస్తే నేను అయిదడుగుల దగ్గర ఆగిపోయాను. నా పాత గౌన్ల మడతలు చాలావరకు విప్పకుండానే పనిమనిషి కూతురికి వెళ్ళిపోయాయి. నాకు దక్కాల్సిన ఎత్తు కూడా తనే తీసుకున్నట్టు మా తమ్ముడు తాడిచెట్టంత ఎదిగాడు.

ఉద్యోగం వచ్చిన ఏడాదికి నా జీతంతో నాకో బండి కొనుక్కుందామనుకున్నాను. షోరూములో నా కళ్ళు ఒక చిన్న బండి మీద పడ్డాయి. తేలిగ్గా ఉంది, ఎక్కి కూర్చుంటే రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనాయి. దిగబుద్ధి కాలేదు. నాన్న దాని చుట్టూ ఓసారి తిరిగి, ఎంతో మెత్తగానే అన్నాడు.

"ఇది నీకు తప్ప ఇంకెవరికీ పనికిరాదు కదమ్మా."

ఇంట్లోకి బండి వస్తోందంటే అందరికీ పనికిరావాలి. తమ్ముడు కాలేజీకి వెళ్తాడు, నాన్న కూరలకి వెళ్తాడు, అమ్మని గుడికి దింపాలి. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. నాకు కూడా ఆ క్షణంలో సబబుగానే తోచింది. ఎత్తుగా, బరువుగా, రేకు బాడీతో ఉన్న పెద్ద స్కూటర్ ఇంటికొచ్చింది. దానికి నిమ్మకాయలు కట్టింది నేనే, కొబ్బరికాయ కొట్టింది నాన్న, మొదట నడిపింది తమ్ముడు.

నేనూ నేర్చుకున్నాను. బండి కదులుతున్నంతసేపూ నాకే ఇబ్బందీ లేదు. ఆగితేనే గొడవ. నా కాలి బొటనవేలి కొస మాత్రమే నేలకి తగిలేది. ఒకరోజు మెట్టుగూడ చౌరస్తాలో ఎర్ర లైటు పడితే ఆగాను. కాలి కింద కంకర జారింది. బండి మెల్లగా, నన్ను క్షమించమన్నట్టు, పక్కకి ఒరిగిపోయింది. దెబ్బ పెద్దగా తగల్లేదు. కానీ లేచి దాన్ని ఎత్తబోతే ఒక్క అంగుళం కూడా కదల్లేదు. వెనక ఆటోలన్నీ హారన్లు కొడుతున్నాయి. నా డబ్బుతో కొన్న బండిని రోడ్డు మధ్యలో పడేసుకుని, ఎవరైనా వచ్చి లేపుతారేమోనని దిక్కులు చూస్తూ నిలబడ్డాను. ఎవరో ఇద్దరు మంచివాళ్ళు వచ్చి లేపారు. అప్పుడొచ్చిన ఏడుపు దెబ్బకి కాదు.

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "నీకెందుకమ్మా ఈ తిప్పలు, తమ్ముడు దింపుతాడు" అన్నారు. అలా నా బండి వెనక సీటు నాదైంది. వాడు లేచేదాకా నేను సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడేదాన్ని. వాడు మంచివాడే, కాకపోతే పొద్దున్న నిద్ర లేపడం మాత్రం మహా కష్టం.

దసరా అయ్యాక ఆఫీసులో కొత్త ఏర్పాటు చెప్పారు. మంచు పడే కాలం వస్తోంది, అక్కడివాళ్ళు సాయంత్రం అడిగితే పడుకునేలోపు జవాబు వెళ్ళాలి, కాబట్టి దీపావళి వెళ్ళగానే మా డెస్కు తెల్లవారి ఆరింటికే మొదలవ్వాలి. కారు పంపడం కుదరదు, రాలేనివాళ్ళు ముందే చెప్పాలి, వాళ్ళ చోట వేరేవాళ్ళని తీసుకుంటారు. ఇంటికొచ్చి ఈ మాట చెప్పాను. తమ్ముడు మొహం చూస్తే నవ్వొచ్చింది. ఆ వేళకి లేవడం వాడి వల్ల కాదని వాడి కన్నా ముందు నాకే తెలుసు. చీకటితో ఆటోలో ఒంటరిగా పంపడం నాన్నకి ఇష్టం లేదు.

"పోనీలేమ్మా, మానేద్దువు. ఇంకోటి చూసుకుందాం" అన్నాడు నాన్న.

ఇంకోటి నాకు అక్కర్లేదు. ఇంట్లో ఏ కూర వండాలో కూడా నన్ను అడగరు. అక్కడ పొద్దున్నే స్క్రీను వెలగగానే పదిమంది నన్ను అడుగుతారు: ఏం చెయ్యమంటారు, ఏది తీసుకోమంటారు అని. మంచు మొహం చూడనిదాన్ని అడుగుతున్నారని వాళ్ళకి తెలియకపోవచ్చు. నేను మాత్రం ప్రతి ప్రశ్ననీ నెత్తిన పెట్టుకుని చూసేదాన్ని. ఆ ఉద్యోగం పోతుందంటే నాకు చాలా దిగులు వేసింది. దీపావళి దగ్గర పడుతోంది, నాకేమీ దారి తోచలేదు.

ఆ దిగుల్లో ఉండగానే అక్కడి నుంచి ఒకావిడ మెయిల్ వచ్చింది. అరవైకి దగ్గర పడిన మనిషి. పొడుగాటి మెయిల్. వాళ్ళాయన, ఆయన స్నేహితులు ఏటా చలికాలంలో కొండ మీద ఒక చెక్క ఇంట్లో దిగి, పగలంతా చెట్ల మధ్య మంచు బండ్ల మీద తిరుగుతారట. ఈవిడా వెళ్తుందట, అయితే ఆ ఇంట్లోనే ఉండి వంట చేస్తుందట. ఎప్పుడైనా ఆయన వెనక కూర్చుని కొంచెం దూరం వెళ్ళొస్తుందట. ఈ ఏడు తనకంటూ బండి కావాలని పట్టుబట్టి ఒప్పించింది. ఆయన నూట యాభై తొమ్మిది అంగుళాలది కొనమంటున్నాడు. అదైతే దిగబడదు, పైగా నువ్వు వాడనప్పుడు మా తమ్ముడు కూడా వాడుకుంటాడు అంటున్నాడట. "నేను అయిదడుగుల మనిషిని, బరువూ తక్కువే" అని రాసింది. "మొదటి రోజే ఇరుక్కుపోయి అందరినీ ఆపేశానంటే, మళ్ళీ నన్ను వంటింట్లోంచి బయటికి రానివ్వరు. లోతు మంచుకి నిజంగా అన్నిటికన్నా పొడుగుదే మంచిదా?"

రెడీగా ఉన్న జవాబు అతికించబోయి ఆగాను. పక్క సీట్లో అల్వాల్ అమ్మాయి ఉండేది. నాతో పాటే చేరింది. వాళ్ళు తాతల కాలం నుంచీ అక్కడివాళ్ళే, ఇప్పటికీ అల్వాల్ అవతల కొంచెం పొలం ఉంది. తన బండి మీద తనే వస్తుంది, తనే పోతుంది. నా స్క్రీను వైపు తొంగిచూసింది.

"ఏందీ, పొద్దుగాల నుంచి ఒక్క మెయిల్ పట్టుకొని కూసున్నవ్? లంబ పట్టా ఉన్నదే తీస్కోమని రాసి క్లోజ్ చెయ్."

"సాయంత్రం దాకా ఉంచుతాను" అన్నాను. సాయంత్రం దాకా కాదు, ఇంటికి కూడా తీసుకెళ్ళాను ఆ ప్రశ్నని.

ఇంట్లో అమ్మ దీపావళి పిండివంటలకి బియ్యప్పిండి జల్లించి పళ్ళెంలో పెట్టింది. పొడి మంచు ఇలాగే ఉంటుందని పాఠంలో విన్నాను. తమ్ముడి పుస్తకాల బల్ల మీంచి చిన్న స్కేలు ఒకటి, పెద్ద స్కేలు ఒకటి తెచ్చి, ఒక్కోదాని మీద ఉప్పు ప్యాకెట్టు పెట్టి పిండిలో దించాను. చిన్న స్కేలు కూరుకుపోయింది. పెద్దది పైనే నిలిచింది. కంపెనీ మాట నిజమే అనుకున్నాను. తర్వాత దాన్ని పక్కకి తిప్పాను. పెద్ద స్కేలు పిండిని తోసుకుంటూ, ముందొక గుట్టా వెనకొక గుట్టా పోసుకుని మొండికేసింది. వంటింట్లోంచి అమ్మ వచ్చింది.

"ఏటే ఇది? జల్లించిన పిండంతా పాడు చేసీసావు. ఏటాటలివి ఈ వయసులో?"

పక్కన కూర్చోబెట్టుకుని ఆ మెయిల్ ఆవిడ కథంతా చెప్పాను. అమ్మ పిండి మళ్ళీ జల్లెడలో పోస్తూ శ్రద్ధగానే విన్నది. అంత పెద్దావిడ అంత చలిలో బండెక్కడమేమిటని ముక్కున వేలేసుకుంది. తర్వాత, తనకి తెలిసిన మంచి మాటే చెప్పింది.

"పెద్దదే కొనుక్కోమను. ఆవిడ కాకపోతే ఇంకోరు, ఎవరికైనా పనికొస్తాది కదా."

నాకు ఒళ్ళు మండింది. అమ్మ మీద కాదు. ముఖం ఎరగని ఆ మొగుడి మీద, షోరూములో తలూపిన నా మీద, ఎవరి మీదో చెప్పలేను. ఆ బండి ఎవరి కోసం కొంటున్నారో ఆవిడ మెయిల్లోనే ఉంది, నేనే సరిగ్గా చదవలేదు. ఆయన తమ్ముడికి సరిపోయేదే కొంటున్నారు. ఆవిడ పేరు మీద వస్తుంది, ఆవిడ ఒకసారి మంచులో కూరుకుపోతుంది, ఎత్తలేక దిక్కులు చూస్తుంది, నలుగురూ వచ్చి లేపుతారు. నీకెందుకులే ఈ తిప్పలు అని ఎంతో ప్రేమగా అంటారు. మర్నాటి నుంచి ఆవిడ సూపు కాస్తుంది, బండిని మరిది నడుపుతాడు.

మర్నాడు అల్వాల్ అమ్మాయికి స్కేళ్ళ సంగతి చెప్తే పగలబడి నవ్వింది. నవ్వు తగ్గాక తనకో మాట గుర్తొచ్చింది.

"మా పొలంల బురద తొక్కేటప్పుడు ట్రాక్టర్‌కు పెద్ద ఇనుప చక్రాలు ఎక్కిస్తరు, దిగబడకుండ. మా కాక నడుపుతుంటే నేను సుత ఒకపారి కూసున్న. సీదా పోతే మంచిగ పోతది. ఒడ్డు కాడ మలపాల్నంటే మాత్రం మస్తు తక్లీఫ్. మా కాక భుజాలు చూసినవా, ఆయన మలుపుతడు. నాతోని అయితదా?"

"ఒకవేళ దిగబడితే?"

"ఎంత పెద్ద చక్రమేసినా ఎప్పుడో ఒకపారి దిగబడుతది. అప్పుడు ఎవరన్నా గుంజాలె."

ఆ మాట పట్టుకుని కూర్చుని ఆవిడకి జవాబు రాశాను. రెడీమేడ్ జవాబులోది ఒక్క వాక్యం కూడా వాడలేదు. పొడుగు పట్టా మంచులో తేలే మాట నిజమే, బారుగా ఉన్న కొండ ఎక్కడానికి అదే మంచిది అని రాశాను. కానీ మీరు వెళ్ళేది చెట్ల మధ్య అన్నారు, అక్కడ అడుగడుక్కీ తిప్పాలి, ఆ బండ్లని చేతులతో కాదు ఒంటి బరువుతో పక్కకి వంచి తిప్పుతారు, మీ బరువుకి అంత పొడుగు బండి మాట వినదు. పెద్ద బరువు ఉన్న మనిషికి దిగబడే పట్టా మీకు దిగబడకపోవచ్చు, మీరే తేలిగ్గా ఉన్నారు కాబట్టి. నూట నలభై నాలుగు మీకు చాలు. ఆగాల్సి వస్తే బండి ముఖం పల్లానికి పెట్టి ఆగండి, మళ్ళీ కదలడం తేలిక. చివర్లో ఇంకో మాట రాశాను. అది ఎక్కడి నుంచి వచ్చిందో రాస్తున్నప్పుడు నాకు తెలియదు.

"ఎప్పటికీ దిగబడని బండి లేదు. అందుకని దిగబడనిది ఏదని చూడకండి. దిగబడితే మీ అంతట మీరు బయటికి తీసుకోగలిగేది ఏదో అది తీసుకోండి."

మా టీమ్ లీడ్ ఆ జవాబు చూసి మొహం చిట్లించాడు. పెద్దది కొంటానని వచ్చిన మనిషికి చిన్నది చెప్పడమేమిటన్నాడు. పెద్దది కొని తిరిగి పంపించేస్తే ఏం చేద్దాం అన్నాను. నేను అంత గట్టిగా మాట్లాడటం ఆయన ఎప్పుడూ వినలేదు. సరే పంపించు అన్నాడు.

మూడో రోజుకి ఆవిడ నుంచి తిరుగు జవాబు వచ్చింది. నూట నలభై నాలుగే ఆర్డరిచ్చానంది. మొగుడు రెండు రోజులు ముఖం మాడ్చుకున్నాడట, మరిది బండి మరిదే కొనుక్కోవాలని చెప్పేసిందట. నన్ను తెగ మెచ్చుకుంది. కింద ఊరికే, మాట వరసకి అడిగినట్టు ఒక ప్రశ్న వేసింది.

"మరి మీరేం నడుపుతారు?"

ఆ ప్రశ్నకి నా దగ్గర రెడీమేడ్ జవాబు లేదు. మంచు బండి ఏదో ఒకటి చెప్పేయొచ్చు, ఆవిడకెలా తెలుస్తుంది? చెప్పలేకపోయాను. మా ఊళ్ళో మంచు పడదు, నాకు స్కూటర్ ఉంది, కానీ మా తమ్ముడు నడుపుతాడు, నేను వెనక కూర్చుంటాను అని రాశాను. ఎందుకని ఆవిడ మళ్ళీ రాసి అడగకుండా నేనే ఇంకో వాక్యం కలిపాను. నా కాళ్ళు అందవు.

ఆవిడ జవాబులో ఒక్కటే మాట ఉంది. "అయితే మీరు నాకు రాసింది మీరోసారి చదువుకోండి."

కుర్చీలో వెనక్కి వాలిపోయాను. అల్వాల్ అమ్మాయి నా స్క్రీను చదివింది, చదవమని నేనేమీ అనలేదు. తన హెల్మెట్ తీసుకుని లేచింది.

"రేపు నీ బండి తీస్కరా. నీ తమ్ముని అడిగి కాదు, నువ్వే తీస్కరా. రాణిగంజ్‌ల సీట్లు కుట్టెటాయన ఉన్నడు, పోదాం."

మర్నాడు శనివారం, సెలవు. తమ్ముడు నిద్రపోతుండగా తాళం తీసుకుని, మెట్టుగూడ నుంచి సందుల్లోంచి సందుల్లోకి, ఎక్కడా పూర్తిగా ఆగకుండా రాణిగంజ్ చేరాను. ఆగాల్సి వచ్చిన చోట ఫుట్‌పాత్ అంచు చూసుకుని దాని మీద కాలు ఆనించాను. ఆవిడకి చెప్పిన పల్లం చిట్కా లాంటిదే. ఒళ్ళంతా చెమటలతో దిగేసరికి అల్వాల్ అమ్మాయి షాపు ముందు నిలబడి ఉంది.

సీట్లు కుట్టే ఆయన నన్ను ఎక్కి కూర్చోమని, కాలికీ నేలకీ మధ్య ఎంత ఎడముందో చేత్తో చూశాడు. సీటు లోపలి ఫోమ్ కోయాలి, రెండు పక్కలా సన్నం చేయాలి, వెనక షాకప్సర్ కూడా కొంచెం కిందికి దించితే కాలు పూర్తిగా ఆనుతుందన్నాడు. కత్తి చేతిలోకి తీసుకుని, కోసేముందు ఆగాడు.

"ఒకసారి కోస్తే మళ్ళ వాపస్ రాదమ్మా. ఇంట్ల పొడుగున్నోళ్లు ఎవరన్నా నడుపుతరా? వాళ్లకు మోకాళ్లు తగులుతయ్."

అల్వాల్ అమ్మాయి నా వైపు చూసింది. నాన్న బండి చుట్టూ తిరిగిన తిరుగుడు, తమ్ముడి పొడుగాటి కాళ్ళు, అమ్మని గుడికి దింపడం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకి వచ్చాయి. వాళ్ళెవరూ నాకు చెడు చేసినవాళ్ళు కాదు. అందుకే ఆ మాట అనడం అంత కష్టమైంది.

"లేదు. నేనొక్కదాన్నే నడుపుతాను" అన్నాను.

ఆ మాట అప్పటికింకా నిజం కాదు. ఆయన ఫోమ్‌లోకి కత్తి దించాక నిజమైంది.

కోసిన ఫోమ్ ముక్క పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాను. పారేయడమంటే మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. ఇంటికి వచ్చేసరికి వాకిట్లో ముగ్గురూ నిలబడి ఉన్నారు. బండి నా చేతిలో, నా కాళ్ళు నేల మీద.  తమ్ముడు ఏమైందో చూద్దామని ఎక్కి కూర్చున్నాడు. వాడి మోకాళ్ళు వెళ్ళి హ్యాండిల్ కింద ఇరుక్కున్నాయి. తిప్పబోతే చెయ్యి మోకాలికి తగిలింది. అచ్చం పెద్ద మనిషి మూడు చక్రాల సైకిలెక్కినట్టు ఉన్నాడు. నాన్నకి నవ్వాగలేదు.

"అక్కా, ఏంటిది, ఇంక ఇది నీకు తప్ప ఎవరికీ పనికిరాదు" అన్నాడు వాడు దిగుతూ.

తాళం నా చేతిలో పెట్టాడు. కోపం లేదు వాడి మొహంలో, ఇంకొంచెంసేపు పడుకోవచ్చన్న సంతోషమే ఎక్కువ కనిపించింది. నాన్న సీటు మీద చెయ్యి వేసి నొక్కి చూశాడు. తర్వాత నా కాళ్ళ వైపు చూశాడు, రెండు పాదాలూ ఎలా ఆనాయో చాలాసేపు చూశాడు.

"ఆ రోజే చిన్నది కొనాల్సిందేమోనమ్మా" అన్నాడు.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏమీ పరవాలేదు నాన్నా అన్నాను, నిజంగానే పరవాలేదు అప్పటికి. అమ్మ మాత్రం ఇవేవీ పట్టించుకోకుండా సంచిలోంచి ఫోమ్ ముక్క తీసి అటూ ఇటూ తిప్పి చూస్తోంది. సాయంత్రానికల్లా దానికి పాత లంగా గుడ్డతో గలీబు కుట్టేసి, వంటింట్లో పీట మీద పరిచి, దాని మీద కూర్చుని చెక్కలు వత్తుతోంది.

"మెత్తగా బాగుందే. ఇదైతే అందరికీ పనికొస్తాది" అంది.

చలికాలం మధ్యలో ఆ మంచు బండి ఆవిడ ఫోటో పంపింది. తెల్లటి మంచులో బండి సగం దాకా కూరుకుపోయి ఉంది. పక్కన పార పట్టుకుని, ముక్కు ఎర్రబడి, ఇంత నోరు తెరిచి నవ్వుతూ ఓ పొట్టి మనిషి. దిగబడిందట. ఒక పక్క మంచు తవ్వి, ముందు భాగం పల్లానికి తిప్పుకుని, తనే బయటికి తీసుకుందట. వెనక్కి వెతుక్కుంటూ వచ్చిన మొగుడిని, నువ్వు పద, నేను వస్తున్నాను అని పంపేసిందట. అల్వాల్ అమ్మాయి ఆ ఫోటో చూసి, వంట ఎవరు చేస్తుండ్రో అడుగు అంది. అడగలేదు గానీ, నాకూ తెలుసుకోవాలనే ఉండేది.

కానీ నాకు ఎక్కువగా గుర్తున్నది ఆ ఫోటో కాదు. దీపావళి వెళ్ళిన తర్వాత, ఆరింటి డెస్కుకి నా బండి మీద బయల్దేరిన మొదటి పొద్దు. నాన్నా తమ్ముడూ నిద్రలో ఉన్నారు. అమ్మ ఒక్కతే లేచి, శాలువా నా మెడ చుట్టూ తిప్పి చెవుల దాకా బిగించింది, నేనేదో మంచు కొండకి వెళ్తున్నట్టు. గేటు తీసి పట్టుకుంది. స్టేషను వైపు నుంచి రైలు కూత వినిపిస్తోంది, రోడ్డు మీద పాలవాళ్ళు తప్ప ఎవరూ లేరు. మెట్టుగూడ చౌరస్తా వచ్చింది. అంత పొద్దున్నే సిగ్నల్ ఇంకా వెలగలేదు. ముందూ వెనకా ఒక్క బండి లేదు. ఆగాల్సిన పనేమీ లేదు.

అయినా ఆగాను. రెండు పాదాలూ నేల మీద ఆనించి, కాసేపు అలాగే ఉండి, తర్వాత వెళ్ళాను.